సున్నితమైన పొట్టతో ప్రయాణం: ఐబిఎస్ ఉన్నవారికి 17 చిట్కాలు

పెళ్లి పిలుపు వచ్చినా, తీర్థయాత్ర మాట ఎత్తినా ముందు ‘దారిలో బాత్రూం దొరుకుతుందా’ అని లెక్కలు వేసుకునేవారు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు. తిన్న కాసేపటికే పొట్టలో మెలిపెడుతుంది, ఉబ్బరిస్తుంది. నాలుగు రోజులు విరేచనాలు, మరో నాలుగు రోజులు మలబద్ధకం. పరీక్షలు చేయిస్తే అంతా బాగానే ఉందని వస్తుంది. దాంతో ఇంట్లోవాళ్లు ‘ఇదంతా నీ భ్రమ’ అని తేల్చేస్తారు. భ్రమ కాదు. దీన్ని వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, క్లుప్తంగా ఐబిఎస్ అంటారు. పేగుల్లో పుండు కనిపించదు. కానీ పేగుల కదలికలోనూ, పేగులకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాల్లోనూ తేడా ఉంటుంది. అందుకే మామూలు గ్యాస్ కూడా వీరికి భరించలేని నొప్పిగా తెలుస్తుంది.

ఇలాంటివారికి ప్రయాణం కష్టమే. వేళ తప్పుతుంది, నిద్ర తప్పుతుంది, ఎవరు ఎలా వండారో తెలియని తిండి తినాల్సి వస్తుంది. అయినా ప్రయాణాలు మానుకోనక్కర్లేదు. దారిలో పొట్ట సర్దుకుని ఉండాలంటే సగం పని బయల్దేరే ముందు ఇంట్లోనే అయిపోవాలి. మీ డాక్టరు ప్రత్యేకంగా పథ్యం, మందులు చెప్పి ఉంటే ముందు వాటినే పాటించండి. ఆ తర్వాత ఈ చిట్కాలు చూడండి.

1. పడనివేమిటో ఇంట్లోనే తేల్చుకోండి

ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు నుంచి ఒక నోటుబుక్కులో ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, పొట్ట ఎలా ఉంది అన్నది రాయండి. పేగులో సరిగా ఇంకక, పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టించే కొన్ని రకాల పిండిపదార్థాలను ఫాడ్‌మ్యాప్‌లు అంటారు. ఇవి తగ్గించి తినే పద్ధతిని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, శనగలు, పాలు, మామిడి, పుచ్చకాయ ఈ జాబితాలోకే వస్తాయి. ఇవన్నీ అందరికీ పడకపోవడం ఉండదు. ఒకరికి పాలు, ఇంకొకరికి ఉల్లి. మీకు పడని మూడు నాలుగు ఏవో తెలిస్తే మిగతావాటిని అనవసరంగా వదులుకోనక్కర్లేదు.

2. ఉల్లి ముక్కలు ఏరేస్తే సరిపోదు

ఉల్లి, వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే ఫాడ్‌మ్యాప్‌లైన ఫ్రుక్టాన్లు నీళ్లలో కరుగుతాయి. సాంబారులోంచి, గ్రేవీలోంచి ముక్కలు పక్కన పెట్టినా వాటి సారం అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటుంది. వెల్లుల్లి చారు సంగతీ అంతే. అయితే ఫ్రుక్టాన్లు నూనెలో కరగవు. కాబట్టి నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేయించి, తీసేసి, ఆ నూనెతో పోపు పెడితే వాసన వస్తుంది, పొట్టకు ఇబ్బంది ఉండదు. ఇంగువ పోపు మరీ మంచిది. దారికి తీసుకెళ్లే వంటలన్నీ ఇలాగే చేసుకోండి.

3. ముందురోజు నుంచే జాగ్రత్త పడండి

ప్రయాణం ముందురోజు విందులు, బిర్యానీ, కొత్త వంటకాలు వద్దు. రాత్రి త్వరగా, తేలిగ్గా తినండి. బయల్దేరే రోజు ఒక గంట ముందు లేవండి. తిండి పొట్టలో పడగానే పెద్దపేగు కదలిక పెరగడం అందరిలోనూ ఉండేదే. అది పొద్దున పూట ఎక్కువ, ఐబిఎస్ ఉన్నవారిలో మరీ ఎక్కువ. కాఫీ దాన్ని ఇంకా పెంచుతుంది. కాబట్టి పొద్దున బస్సు ఉంటే కాఫీ, టిఫిను ఇంట్లోనే తొందరగా ముగించి, పొట్ట ఖాళీ అవడానికి కనీసం గంట సమయం ఇచ్చాక బయటికి రండి. బస్సెక్కే ముందు స్టాండులో గబగబా తినేసి ఎక్కడమే చాలామందికి ఇబ్బంది తెస్తుంది.

4. బండినీ, సీటునీ పొట్టను బట్టి ఎంచుకోండి

దూర ప్రయాణానికి బస్సు కంటే రైలు నయం, మరుగుదొడ్డి పెట్టెలోనే ఉంటుంది. దిగడం ఎక్కడం తేలికగా ఉండేలా కింది బెర్తు గానీ నడవా పక్క సీటు గానీ తీసుకోండి. బస్సు తప్పనప్పుడు భోజనానికి ఎక్కడ ఆపుతారో డ్రైవరునో, కండక్టరునో ముందే అడగండి. కారులో వెళ్తే గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి ఆగుతామని అందరికీ ముందే చెప్పండి. ‘ఎప్పుడంటే అప్పుడు ఆగవచ్చు’ అన్న ధీమా ఉంటేనే పొట్ట సగం కుదుటపడుతుంది. ఆందోళన పేగులను నిజంగానే కదిలిస్తుంది.

5. పులిహోరకు మొదటి ఓటు

మన పెద్దలు దూర ప్రయాణాలకు పులిహోర కట్టుకెళ్లడంలో చాలా తెలివి ఉంది. అన్నం వండినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు గది వేడిలో మళ్లీ పెరిగి విషం తయారుచేస్తాయి. తిరిగి వేడి చేసినా ఆ విషం పూర్తిగా పోదు. చింతపండు పులుపు ఆ పెరుగుదలను అడ్డుకుంటుంది. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా ఆరబెట్టి, పులుపు సరిపడా కలిపి, శుభ్రంగా తుడిచి ఆరిన డబ్బాలో పెట్టండి. శనగపప్పు, మినప్పప్పు పోపులో తక్కువ వేసి, పల్లీలు వేసుకోండి. పొద్దున కలిపింది ఆ రోజుకే, మర్నాటికి దాచకండి. పులుపు తింటే ఛాతీలో మంట వచ్చేవారు మాత్రం కొద్దిగానే తినాలి.

6. పెరుగన్నం కలిపే తీరు మార్చండి

ప్రయాణంలో పుల్లబడకుండా పాలు ఎక్కువ పోసి, కాస్త పెరుగు తోడు వేసి కలపడం మనకు అలవాటు. పాలు పడనివారికి అది మంచిది కాదు. పాలు పూర్తిగా తోడుకోకముందే తింటారు కాబట్టి పాలలోని చక్కెర, లాక్టోజ్, చాలావరకు అలాగే ఉంటుంది. బాగా తోడుకున్న పెరుగుతోనే కలిపి, ఎక్కువ సేపు ఉంచకుండా మొదటి పూటే తినేయండి. ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం.

7. సంచిలో ఆసరా తిండి

ఏమీ దొరకనప్పుడు ఆదుకునేవి ఇవి: అటుకులు, మరమరాలు, వేయించిన పల్లీలు, పల్లీ చిక్కి, వెల్లుల్లి వేయని కరివేపాకు పొడి, చిన్న సీసాలో నెయ్యి, రెండు నిమ్మకాయలు. ఫ్లాస్కులో వేడినీళ్లు ఉంటే అటుకులు నానబెట్టి, ఉప్పు, నిమ్మరసం, పల్లీలు కలిపితే పది నిమిషాల్లో పూట గడుస్తుంది. బియ్యపురవ్వను పోపుతో వేయించి డబ్బాలో పోసుకెళ్తే, వండుకునే వీలున్న బసలో ఉప్మా తయారు. కరెంటు కెటిల్‌ను రైల్లో వాడకూడదు, బసలోనే వాడండి.

8. టిఫిను హోటల్లో ఏం అడగాలి

ఆవిరి మీదనుంచి దించిన ఇడ్లీ చాలామందికి పడుతుంది. సాదా దోసె, నూనె తక్కువ వేయమని చెప్పి, తీసుకోవచ్చు. ఉల్లి దోసె, ఉల్లి వేసి వండే మసాలా దోసె కూర, పూరీ వద్దు. అసలు ప్రమాదం పక్కన వడ్డించేవాటిలో ఉంటుంది. సాంబారులో కందిపప్పు, ఉల్లి రెండూ ఉంటాయి. కారప్పొడిలో వెల్లుల్లి ఉంటుంది. కొబ్బరి చట్నీలో మరగని నీళ్లు కలుస్తాయి, వేడికి తొందరగా పాడవుతుంది. ఇంటినుంచి తెచ్చిన కరివేపాకు పొడి, నెయ్యితో ఇడ్లీ తింటే ఈ చిక్కులేవీ ఉండవు. రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె గోధుమవని గుర్తుంచుకోండి.

9. భోజనం హోటల్లో రద్దీ చూసి కూర్చోండి

జనం ఎక్కువగా తినే చోట, వాళ్లు తినే వేళకే వెళ్లండి. గిన్నెలు ఖాళీ అవుతూ మళ్లీ వేడిగా వస్తుంటాయి. మధ్యాహ్నం మూడు దాటాక మిగిలిన కూరలు, బఫేలో గోరువెచ్చగా ఉన్నవి వద్దు. వేడి అన్నం, నెయ్యి, బీరకాయ, వంకాయ, బంగాళాదుంప లాంటి వేపుళ్లలో మీకు పడేది, పెరుగు ఇవి చాలు. క్యాలీఫ్లవర్, పుట్టగొడుగులు పక్కన పెట్టండి. మిరపకాయలోని క్యాప్సేసిన్ పేగుల్లో మంటను గుర్తించే నాడులను నేరుగా తట్టి లేపుతుంది కాబట్టి ఆవకాయ, గోంగూర పచ్చడి నాలుక్కి రాసుకునేంతే తీసుకోవాలి. నిండా తినకుండా, ఆకలి కాస్త మిగిలుండగానే లేవండి. రెండు పెద్ద భోజనాల కంటే నాలుగు చిన్న పూటలు మేలు.

హైదరాబాద్ వచ్చి బిర్యానీ రుచి చూడకుండా ఎలా అనుకుంటే, ప్రయాణం లేని రోజు, మధ్యాహ్నం పూట, కొద్దిగా తినండి. రాత్రి బండి ఉన్న రోజు మాత్రం వద్దు.

10. రైల్లో ఏర్పాటు ముందే చేసుకోండి

రైల్వే ఇ-కేటరింగ్ ద్వారా రాబోయే పెద్ద స్టేషనులోని హోటలు నుంచి మీ సీటు దగ్గరికే భోజనం తెప్పించుకోవచ్చు. పిఎన్‌ఆర్ నంబరుతో ఆన్‌లైన్‌లో గానీ, 1323కి ఫోను చేసి గానీ చెప్పవచ్చు. ఉల్లి, వెల్లుల్లి లేని జైన భోజనం ఉన్న చోట అదే ఎంచుకోండి. ప్లాట్‌ఫారం మీద కోసి పెట్టిన పండ్లు, మూత లేని సమోసాలు, చల్లబడిన వడలు ముట్టుకోకండి. తిండి పాడై ఉందనిపిస్తే ‘ఏం కాదులే’ అనుకోకుండా వదిలేసి, 139కి ఫిర్యాదు చేయండి.

11. ప్రసాదాల్లోనూ తేడా తెలుసుకోండి

యాత్రల్లో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. గుళ్లలో వంటకు ఉల్లి, వెల్లుల్లి వాడరు. తిరుమలలో మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వేడి భోజనం దొరుకుతుంది, అక్కడ అన్నం, కూర, మజ్జిగతో సరిపెట్టుకోవచ్చు. పులిహోర, దద్ధోజనం చాలామందికి ఇబ్బంది పెట్టవు. లడ్డూలో శనగపిండి, జీడిపప్పు, నెయ్యి ఉంటాయి కనుక కళ్లకద్దుకుని చిన్న ముక్క నోట్లో వేసుకుని మిగతాది ఇంటికి తీసుకెళ్లండి. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు, గోధుమ పడనివారు ఒక పిసరు తీసుకోండి. భక్తికి పరిమాణంతో పనిలేదు.

12. పక్క రాష్ట్రంలో అడగాల్సిన మాటలు రాసిపెట్టుకోండి

హిందీ ప్రాంతాల్లో: ‘ప్యాజ్, లహసున్ కే బినా దీజియే’. తమిళనాడులో: ‘వెంగాయం, పూండు ఇల్లామ కుడుంగ’. కర్ణాటకలో: ‘ఈరుళ్ళి, బెళ్ళుళ్ళి హాకబేడి’. కేరళలో: ‘ఉళ్ళి, వెళుత్తుళ్ళి వేండ’. మహారాష్ట్రలో: ‘కాందా, లసూణ్ నకో’. ఫోనులో ఆయా లిపుల్లో కూడా పెట్టుకుంటే వంటవాడికి చూపించవచ్చు. అరుణాచలం, శబరిమల, షిర్డీ వెళ్లేవారికి ఈ ఐదు వాక్యాలు బాగా పనికొస్తాయి.

13. ఉత్తరాదిలో గోధుమ లెక్క చూసుకోండి

ఇంట్లో మూడు పూటలా అన్నం తినేవారు కాశీకో, హరిద్వారుకో వెళ్లి పొద్దున కచోరీ, మధ్యాహ్నం రొట్టె, రాత్రి పరాఠా తింటే గోధుమ ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. గోధుమలోనూ ఫ్రుక్టాన్లు ఉన్నాయి, ఉబ్బరం అక్కడినుంచే మొదలవుతుంది. కనీసం ఒక పూట అన్నం ఉండేలా చూసుకోండి. జీలకర్ర అన్నం, పెసరపప్పుతో పల్చగా చేసిన కిచిడీ, పెరుగు అడగండి. కాశీలో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటి తెలుగు సత్రాల్లో మన భోజనం దొరుకుతుంది, వెళ్లే ముందే మాట్లాడుకోండి.

సీలియాక్ వ్యాధి ఉన్నవారి సంగతి వేరు. వారికి గోధుమలోని గ్లూటెన్ పిసరంత కూడా పనికిరాదు. మార్కెట్లో దొరికే ఇంగువలో చాలా రకాలకు మైదా కలుపుతారు, సేమ్యా, సోయా సాసుల్లో గోధుమ ఉంటుంది. వారు గోధుమ కలపని ఇంగువను ఇంటినుంచే తీసుకెళ్లాలి.

14. నీళ్ల విషయంలో మొహమాటం వద్దు

కలుషితమైన నీళ్ల వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అది ఆ రెండు రోజులతో పోదు. పేగుల ఇన్‌ఫెక్షన్ వచ్చిన పదిమందిలో సుమారు ఒకరికి తర్వాత ఐబిఎస్ మొదలవుతుంది. ముందే ఉన్నవారికి అది ముదరవచ్చు. సీలు చూసి సీసా కొనండి, లేదా మరిగించి చల్లార్చిన నీళ్లు పట్టుకెళ్లండి. హోటల్లో జగ్గులోని నీళ్లు, చెరకురసంలో వేసే ఐసు, పానీపూరీ నీళ్లు వదిలేయండి. కేరళ హోటళ్లలో జీలకర్రో, శొంఠో, లేత గులాబీ రంగునిచ్చే పతిముఖమో వేసి మరిగించిన నీళ్లు ఇస్తారు. అవి వేడిగా ఉంటే నిశ్చింతగా తాగవచ్చు.

15. పండ్లు, తీపి, బబుల్‌గమ్

కొద్దిగా గట్టిగా ఉన్న అరటిపండు, కమలా, బాగా పండిన జామ మంచివి. మచ్చలొచ్చేంత మాగిన అరటిలో ఫ్రుక్టాన్లు పెరుగుతాయి. తొక్క మనమే వలిచి తినేవాటికే మొదటి చోటు. ఆపిల్, మామిడి, పుచ్చకాయ ప్రయాణంలో వద్దు. ‘షుగర్ ఫ్రీ’ మింట్లు, బబుల్‌గమ్‌లలో ఉండే సార్బిటాల్ విరేచనం చేయిస్తుంది. సోడా, కూల్‌డ్రింకులు కడుపులో గాలి నింపుతాయి.

16. విమానంలో, విదేశంలో

ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఆ ఒత్తిడిలో పొట్టలోని గ్యాస్ వ్యాకోచిస్తుంది, మామూలువారికే ఉబ్బరం వస్తుంది. ఎక్కే ముందు పప్పులు, సోడాలు మానండి, నడుము దగ్గర వదులుగా ఉండే బట్టలు వేసుకోండి, మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడవండి. చాలా విమాన సంస్థల్లో జైన భోజనం, లాక్టోజ్ తక్కువున్న భోజనం, కారం మసాలా లేని చప్పటి భోజనం ముందే చెప్పుకోవచ్చు. టికెట్టు కొన్నప్పుడే చెప్పేయండి, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఒకసారి సరిచూసుకోండి. పెరుగు, పచ్చళ్లను భద్రతా తనిఖీలో ద్రవాలుగా లెక్కిస్తారు, కాబట్టి చేతిసంచిలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ చిప్సు, సూపులు, సాసుల మీద ‘ఆనియన్ పౌడర్’, ‘గార్లిక్ పౌడర్’, చిరుతిండి బార్ల మీద ‘ఇన్యులిన్’ (ఇదీ ఫ్రుక్టానే) అని ఉందేమో పిల్లల చేత చదివించుకోండి. లాక్టోజ్ లేని పాలు అక్కడి దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి. కాఫీ, పెరుగు వాటితోనే చేసుకోవచ్చు.

17. మందుల పొట్లం, ఓఆర్‌ఎస్

డాక్టరు రాసిన మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి. మలబద్ధకం ఉన్నవారు ఇసబ్‌గోల్‌ను గ్లాసు నిండా నీళ్లతోనే తీసుకోవాలి, ప్రయాణం రోజు కొత్తగా మొదలుపెట్టకూడదు. లోపరమైడ్ వంటి విరేచనాలు ఆపే మాత్రను డాక్టరు చెబితేనే దగ్గర పెట్టుకోండి. జ్వరం, మలంలో రక్తం ఉంటే అది వేసుకోకూడదు.

విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ తాగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరు నీళ్లకు 20.5 గ్రాముల మిశ్రమం: ఉప్పు 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లే పోయాలి, కలిపింది 24 గంటల్లోపు తాగాలి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొట్లమే అడిగి తీసుకోండి.

బంధువులకు ఒక మాట, మీకు ఒక మాట

ఇంటికొచ్చినవారు ‘పిన్నీ, నాకు అన్నంలో నెయ్యి, పెరుగు చాలు’ అంటే మీ వంట నచ్చలేదని అనుకోకండి. ‘మా ఇంట్లో ఒక్కసారి తింటే ఏమవుతుంది’ అని కొసరి వడ్డించకండి. ఆ రాత్రి అవస్థ పడేది వాళ్లు. వచ్చే ముందే ఫోను చేసి ‘ఏం వండమంటావమ్మా’ అని అడిగితే అంతకు మించిన మర్యాద లేదు. పొట్ట సున్నితంగా ఉన్నవారూ మొహమాటపడకుండా, పడనివి ఏవో ముందే చెప్పేయండి.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైనది. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన ఇబ్బంది ఉంటే దాన్ని ఐబిఎస్ అనుకుని ఊరుకోకూడదు. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. అలాంటప్పుడు ప్రయాణం వాయిదా వేసుకుని, ముందు జీర్ణకోశ వైద్యుడికి చూపించుకోండి.